రైలు ట్యాంకు వ్యాగన్లు, సేఫ్టీ వాల్వులు, సర్టిఫికెట్లు : నా అనుభవాలు

(పొదిలిలో డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో, రైల్వే క్యారేజి అండ్ వ్యాగన్ శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుని, భోజనాలు చేసి వెళ్ళిపోతున్నాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "మన సంఘంలో అందరూ టీచర్లు, రెవెన్యూవాళ్ళు, కరెంటువాళ్ళు, ఆర్టీసీవాళ్ళు. రైల్వే మనిషివి నువ్వొక్కడివే. నువ్వేం చేశావో మాకెవరికీ తెలియదు. అది చెప్పు" అన్నారు. రైలు చూడాలంటే ఒంగోలో దొనకొండో వెళ్ళవలసిన ఊరు మనది. ఆయన అడిగినదాంట్లో న్యాయముంది.

ఇంకో మాట కూడా అడిగారు. 2025 జూలై 13న తమిళనాడులో తిరువళ్ళూరు దగ్గర డీజిలు గూడ్సు పట్టాలు తప్పి 18 ట్యాంకు వ్యాగన్లు తగలబడ్డాయి. ఆ మంటలు టీవీలో మీరంతా చూసే ఉంటారు. "మరి వాటికి సేఫ్టీ అంటూ ఏమీ ఉండదా? ఎవరూ సర్టిఫై చెయ్యరా?" అని ఆయన ప్రశ్న. ఉంటుంది, చేస్తారు. చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకని ఆ సంగతే చెబుతాను. కొంచెం సాంకేతికంగా ఉంటుంది, ఓర్చుకోవాలి.

ముందు వాల్వు అంటే ఏమిటో చెప్పాలి. మన ఇళ్ళల్లో ప్రెషరు కుక్కరుంది. పైన వెయిటు, పక్కన సేఫ్టీ ప్లగ్గు. ఆవిరి ఎక్కువైతే వెయిటు లేస్తుంది. అది లేవకపోతే ప్లగ్గు కరిగి దారి ఇస్తుంది. ట్యాంకు వ్యాగన్ మీద సేఫ్టీ వాల్వు చేసేదీ ఈ పనే. లోపల ఒక బిళ్ళ, దాన్ని సీటు మీదికి నొక్కి పట్టే స్ప్రింగు. ట్యాంకులో పీడనం ఇంత దాటితే బిళ్ళ లేవాలి, తగ్గగానే మళ్ళీ కూర్చోవాలి. ముందుగా లేస్తే దారిపొడుగునా గ్యాసు కారుతుంది. ఆలస్యంగా లేస్తే ట్యాంకు ఉబ్బుతుంది. లేచి కూర్చోకపోతే ఉన్న సరుకంతా పోతుంది. ఇంతేనా అంటే ఇంతే కాదు. ట్యాంకు కింద మంట పెడితే లోపలి ద్రవం ఎంత వేగంగా ఆవిరవుతుందో, అంత ఆవిరినీ బయటికి పంపగల కంత దానికి ఉండాలి. కుక్కరు వెయిటు తెచ్చి కాగుకు పెడితే సరిపోదు గదా!

పెట్రోలు, డీజిలు మోసే వ్యాగన్లకైతే ఇది తేలిక వ్యవహారం. బి.టి.పి.ఎన్. అనే రకం వ్యాగన్లో ఇంచుమించు 70 వేల లీటర్లు పడుతుంది. పీడనం పెద్దగా ఉండదు. పైన మూతగల డోము, లోపల మాస్టర్ వాల్వు, అడుగున దింపుకునే వాల్వు, ఒక సేఫ్టీ వాల్వు. వంటగ్యాసు మోసేవి మాత్రం వేరే జాతి. అవి నిజంగా పీడనపాత్రలు. వాటికి సేఫ్టీ వాల్వులు కాక ఎక్సెస్ ఫ్లో వాల్వులుంటాయి. గొట్టం తెగి గ్యాసు ఒక్కసారిగా దూకితే వాటంతటవే మూసుకుంటాయి.

సరుకును బట్టి వాల్వు మారుతుంది. అమ్మోనియా ట్యాంకుకు ఇత్తడి భాగాలు పనికిరావు, రాగి కలిసిన లోహాన్ని అమ్మోనియా తినేస్తుంది. గుంటూరు మిర్చి కోల్డు స్టోరేజీల్లో పనిచేసిన మెకానిక్కుల్ని అడిగితే వాళ్ళూ ఇదే చెబుతారు. కనుక ఒక వాల్వు "మంచిది" అని ఊరికే సర్టిఫికెట్ ఇవ్వడానికి లేదు. ఏ సరుకుకు, ఏ ట్యాంకుకు, ఎంత పీడనానికి మంచిది అని ఇవ్వాలి.

ఇక ఇచ్చేదెవరు? ఇక్కడ రెండు ఇళ్ళ పెత్తనం. వ్యాగను, దాని అమరికలు రైల్వేవి. వాటి డిజైను లక్నోలో ఆర్.డి.ఎస్.ఓ. అనే సంస్థ చూస్తుంది, 1957లో ఏర్పడింది. ట్యాంకులో గ్యాసు నింపితే అది పీడనపాత్ర గనుక, 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం కింద నాగపూర్‌లోని శాఖ మాట కూడా కావాలి. మేము "చీఫ్ కంట్రోలరాఫీసు" అనేవాళ్ళం, ఇప్పుడు పెసో అంటున్నారు. పీడనపాత్రల నిబంధనలు 1981లో వచ్చాయి, 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఏ ప్రమాదకరమైన సరుకు రైల్లో ఎలా పోవాలో చెప్పే పుస్తకం ఇంకొకటుంది, రెడ్ టారిఫ్ అని. అట్ట రంగు వల్ల ఆ పేరు వచ్చిందనేవాళ్ళు మా సీనియర్లు. లోపల చదివితే మనకే ఎరుపెక్కుతుంది.

మనది పత్తి, మిరప, పొగాకు పండే ప్రాంతం. కాబట్టి విత్తనాల మాటలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక పత్తి రకాన్ని శాస్త్రవేత్తలు తయారుచేస్తే ప్రభుత్వం పరీక్షించి విడుదల చేస్తుంది. అది రకానికి ఇచ్చిన ఆమోదం. తరువాత ఫలానా పొలంలో పండిన ఫలానా లాటు విత్తనాన్ని పరీక్షించి సంచికి నీలం ట్యాగు కడతారు. అది లాటుకు ఇచ్చిన ఆమోదం. ఇక రైతు ఇంటికి తెచ్చుకుని, తడిగుడ్డలో వంద గింజలు చుట్టి ఎన్ని మొలిచాయో చూసుకుంటాడు. అది మూడోది. నకిలీ విత్తనాలతో మునిగిన రైతును అడగండి, అతనికి రకం పేరు తెలుసు, సంచి మీద ట్యాగు కూడా ఉంది. రకం మంచిదే. ఆ సంచిలో ఉన్నది ఆ రకం కాదు.

వాల్వుకూ అంతే. తయారీదారు బొమ్మ గీసి, నమూనా చేసి లక్నోకు పంపుతాడు. అక్కడ పరీక్షిస్తారు. నెగ్గితే వెంటనే పూర్తి ఆమోదం రాదు. మొదట "డెవలప్‌మెంటల్ వెండరు" అని పరిమితంగా ఆర్డర్లిస్తారు. ఆ వాల్వులు లైను మీద తిరిగి, ఎండకు ఎండి, వానకు తడిసి, షంటింగులో గుద్దుళ్ళు తిని ఎలా ఉన్నాయో చూసిన మీదటే "అప్రూవ్డ్" అంటారు. బల్ల మీద బంగారంలా పనిచేసిన వాల్వు ఆరు నెలల షంటింగుకు స్ప్రింగు వదిలేయడం నేను చూశాను. ఇది రకం ఆమోదం. తరువాత సరఫరా అయ్యే ప్రతి లాటునూ ఇన్‌స్పెక్టరు చూసి ముద్ర వెయ్యాలి. ఇది ట్యాగు. ఆ వాల్వు వ్యాగన్ మీదికి ఎక్కేముందు మా బెంచి మీద గాలి ఎక్కించి, గేజి చూసి, ఎంత దగ్గర లేచిందో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. తడిగుడ్డలో గింజలన్నమాట. ఆ మూడో సంతకం పెట్టే మనుషుల్లో ఒకణ్ణి నేను.

ఇప్పుడు సర్వీసులో ఉండగా ఎవరికీ చెప్పని విషయం ఒకటి చెబుతాను.

1981లో నేను చిన్న ట్రైన్ ఎగ్జామినర్ని. ఏ డిపో అన్నది అనవసరం. ఒక సాయంత్రం పెట్రోలు వ్యాగన్లు నాలుగు సిక్ లైన్లో ఉన్నాయి. వాల్వులు మార్చాలి. కంప్రెసరు పాడైంది. బిగించిన ఫిట్టరు "పొద్దున బెంచి మీద చూశాం సార్" అన్నాడు. మూడింటివి చూసింది నిజమే, రిజిస్టర్లో ఉంది. నాలుగోది లేదు. చెల్లెలి పెళ్ళికి ఆ రాత్రి బండికే నేను ఊరికి రావాలి. నాలుగింటికీ సంతకం పెట్టి వచ్చేశాను.

పెళ్ళి బాగా జరిగింది. పీటల దగ్గర కూర్చుంటే ఆ వ్యాగన్ నంబరు కళ్ళ ముందుకొచ్చింది. అప్పటినుంచి ఏ స్టేషన్లో నిలబడ్డా, ట్యాంకు గూడ్సు పోతుంటే నంబర్లు చదివేవాణ్ణి. మా ఆవిడ పక్కనుంటే, "ఎవరికోసమండీ అట్లా చూస్తారు?" అనేది. ఏం చెప్పను? విశాఖపట్నం రిఫైనరీ నుంచి వచ్చే ట్యాంకు రేక్‌లు ఆ లైను మీద రోజూ పోయేవి. వేలాది వ్యాగన్లలో ఒకటి ఎక్కడుందో ఎవడికి తెలుస్తుంది? అడిగితే ఎందుకడిగావంటారు.

నాలుగేళ్ళు దాటాక ఒకరోజు అది మా సిక్ లైనుకే వచ్చింది. డ్యూటీ నాది కాదు. అయినా వెళ్ళి, వాల్వు ఊడదీయించి, బెంచి మీద పెట్టించాను. చెయ్యవలసిన పీడనం దగ్గరే లేచింది. మళ్ళీ కూర్చుంది. ఆ రాత్రి నిద్ర పట్టింది. వాల్వు మంచిది కావడంలో నా గొప్ప ఏమీ లేదని మాత్రం తెలుసు.

పదేళ్ళ తర్వాత జరిగిన రెండో సంగతికి ఇదే మూలం. 1991లో నేను గ్యాసు వ్యాగన్లు చూసే చోట ఉన్నాను. కొత్త సేఫ్టీ వాల్వులు పదహారు పెట్టెలో వచ్చాయి. తయారీదారు ఆమోదం పొందినవాడే. పెట్టెలో సర్టిఫికెట్ కూడా ఉంది. దాని మీద సీరియల్ నంబర్లు లెక్కపెడితే ఎనిమిదే ఉన్నాయి. మిగతా ఎనిమిది వాల్వుల నంబర్లు ఆ కాగితంలో లేవు. బాడీ ఒకటే, ఆకారం ఒకటే, మేకరు గుర్తు ఒకటే. పై అధికారికి చెబితే, "అదే మేకు, అదే డ్రాయింగు. టైపిస్టు పొరపాటు. రేకు బుక్కయింది, బిగించు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీద ఆయన పైవాడు కూర్చున్నాడు.

నేను మా మేస్త్రీని పిలిచి ఏం చేద్దామన్నాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, సంతకం తప్ప చదువు లేదు. "కాగితాన్ని బెంచి మీద పెట్టలేం గదా సార్, వాల్వుల్నే పెడదాం" అన్నాడు.

సర్టిఫికెట్లో ఉన్న ఎనిమిదీ సరిగా లేచాయి. లేని ఎనిమిదిలో అయిదు సరిగానే లేచాయి. రెండు ఆలస్యంగా లేచాయి. ఒకటి లేవలేదు. లేవాల్సిన గుర్తు దాటి ఇంకొంచెం ఎక్కించి, భయం వేసి ఆపేశాం. విప్పి చూస్తే సీటు మీదుండే రబ్బరు రింగు బిళ్ళకు అతుక్కుపోయి ఉంది. పాత వాల్వు విప్పి పక్కన పెట్టి చూశాం. రింగు రంగు వేరు, వేలితో నొక్కితే మెత్తదనం వేరు. తరువాత తయారీదారు తరఫు మనిషి వచ్చి నిజం చెప్పాడు. రబ్బరు ఇచ్చేవాడు మారాడట. "డిజైన్ ఏమీ మార్చలేదండీ, రబ్బరొక్కటే" అన్నాడు పాపం, నిజాయితీగానే.

ఈ వ్యవహారమంతటిలో నాకు తెలిసిన అసలు విషయం ఇదే. ఆమోదం పొందింది ఆ రబ్బరుతో సహా ఆ వాల్వు. రబ్బరు మారితే అది వేరే వాల్వు, మళ్ళీ లక్నో వెళ్ళి మొదటినుంచి రావాలి. నాలుగణాల రింగుకోసం అంత తతంగమా అని అతనికి అనిపించింది. ప్రమాదాల చరిత్ర తీస్తే ఎక్కువ చోట్ల నాలుగణాల వస్తువే కనబడుతుంది.

ఆ రేకు ఒకటిన్నర రోజు ఆగింది. వ్యాగన్లు నిలిపినందుకు నాకు ఎస్.ఎఫ్. 11 వచ్చింది. రైల్వేలో చేసినవాళ్ళకు దాని రుచి తెలుసు, మిగతావారికి చార్జిమెమో అంటే చాలు. పై అధికారి ఆదేశం పాటించలేదని అభియోగం. బెంచి ఫలితాలు జతచేసి జవాబిచ్చాను. ఆరు నెలలు ఇంక్రిమెంటు ఆపారు. అప్పీలు చేస్తే పద్నాలుగు నెలలకు రద్దు చేశారు. ఈ మధ్యలో పిల్లవాడి కాలేజీ ఫీజుకు అప్పు తెచ్చాను. మా ఆవిడ ఒక్క మాట అనలేదు గాని, మా మామగారు అన్నారు: "ఎనిమిది మంచివి ఉన్నాయి గదయ్యా, అవి బిగించి పంపకపోయావా?" మంచి ప్రశ్నే. అప్పట్లో తోచలేదు. ఎనిమిదితో సగం వ్యాగన్లయినా కదిలేవి. నేను మొత్తం పెట్టెను పక్కన పెట్టాను. అందులో కొంత మొండితనం కూడా ఉందని ఈ వయసులో ఒప్పుకుంటాను.

ఇదంతా మన దేశపు అవకతవక అనుకోకండి. అమెరికాలో ట్యాంకు కార్ల కోసం రైల్వేలవాళ్ళు 1903లోనే ఒక కమిటీ వేసుకున్నారు. వాల్వుగానీ మూతగానీ కొత్తది పెట్టాలంటే ఆ కమిటీ ముందుకు డ్రాయింగు వెళ్ళాల్సిందే. అంత పాత ఏర్పాటున్న చోట కూడా పాఠాలు మనుషుల ప్రాణాలతోనే నేర్చుకున్నారు.

1973 జూలై 5న అరిజోనాలో కింగ్‌మన్ అనే ఊళ్ళో ప్రొపేను గ్యాసు కారు నుంచి సరుకు దింపుతుండగా మంట లేచింది. సేఫ్టీ వాల్వు తెరుచుకునే ఉంది, పైకి మంట ఎగదన్నుతూనే ఉంది. అయినా కాసేపటికి ట్యాంకు పేలింది. 11 మంది ఫైరువాళ్ళు పోయారు. ఎందుకు పేలింది? ట్యాంకు కింది భాగంలో ద్రవం ఉంటుంది, అది ఉక్కును చల్లగా ఉంచుతుంది. పై భాగంలో ఉన్నది ఆవిరి. అక్కడ మంట తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. వాల్వు తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఉక్కు మాత్రం మామూలు పీడనాన్ని కూడా ఆపలేదు. నీళ్ళు లేని కుండ పొయ్యి మీద పెట్టినట్టు. అందుకే తరువాత ఇలాంటి గ్యాసు ట్యాంకులకు వేడి తగలకుండా తొడుగు ఉండాలన్నారు. చుట్టూ మంటలో 100 నిమిషాలు, ఎగదన్నే మంటలో 30 నిమిషాలు తట్టుకోవాలని లెక్క పెట్టారు.

1978లో టెనెసీ రాష్ట్రంలో వేవర్లీ దగ్గర ఇంకోటి. ఫిబ్రవరి 22న గ్యాసు ట్యాంకు పట్టాలు తప్పింది. కారలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండు రోజుల తర్వాత, 24న, సరుకు వేరే ట్యాంకులోకి మార్చబోతుండగా పేలింది. 16 మంది చనిపోయారు. దొర్లినప్పుడు ఉక్కుకు తగిలిన దెబ్బ, ఎండ ఎక్కేకొద్దీ పెరిగిన పీడనం, రెండూ కలిశాయి. వాల్వు లేచే దాకా పీడనం పోనేలేదు. దెబ్బ తినని ట్యాంకుకు ఇచ్చిన సర్టిఫికెట్ దెబ్బ తిన్న ట్యాంకుకు చెల్లదు. కార్యదర్శిగారి ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది. వాల్వు కాపాడేది పీడనం నుంచి. పట్టాలు తప్పి డొక్క చీలితే వాల్వు చేసేదేమీ లేదు. అక్కడ కాపాడాల్సింది పట్టా, చక్రం, ఇరుసు, వాటిని చూసే మనిషి.

ఇటీవలిది ఒకటి చెప్పి ముగిస్తాను. 2023 ఫిబ్రవరి 3న ఒహాయోలో ఈస్ట్ పాలస్తీన్ అనే ఊరి దగ్గర చక్రం బేరింగు కాలి 38 పెట్టెలు పట్టాలు తప్పాయి. వాటిలో అయిదు ట్యాంకుల్లో వినైల్ క్లోరైడు. అవి పేలతాయన్న భయంతో మూడు రోజుల తర్వాత వాటికి కంతలు పెట్టి, సరుకును కావాలనే తగలబెట్టారు. ఆ అవసరం లేదని దర్యాప్తు సంస్థ 2024లో తేల్చింది. నాలాంటివాడికి అందులో ఆసక్తి కలిగించింది వేరే సంగతి. కొన్ని ట్యాంకుల మీద వాల్వుల్ని కాపాడటానికి పెట్టిన మూతలు అల్యూమినియంవి. మంటకు అవి కరిగి కింద వాల్వుల మీద పడ్డాయి. వాల్వుకు సర్టిఫికెట్ ఉంది. మూతకూ అనుమతి ఉంది. రెండూ కలిసి మంటలో ఏమవుతాయో ఎవరూ అడగలేదు. ఆ వార్త చదివిన రోజు మా మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆయన ఉంటే మూతతో సహా బెంచి మీద పెట్టమనేవాడు.

ఒక చిన్న పనికొచ్చే మాట. మీ ఇంటికొచ్చే గ్యాసు సిలిండరు పైభాగంలో, పట్టీ లోపలివైపు, ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి అలాగే. అంకెలు సంవత్సరం. ఆ గడువులోగా సిలిండరును మళ్ళీ పరీక్షించాలి. గడువు దాటింది వస్తే తీసుకోకండి. కుర్రవాడు "ఏం కాదండీ" అంటాడు. నాతోనూ అన్నాడు.

మన ఊరి మీదుగా నడికుడి - శ్రీకాళహస్తి లైను సంగతి మీకు తెలిసిందే. ట్యాంకు గూడ్సు ఎప్పుడైనా ఇటు వస్తే, వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో రాసి ఉంటుంది చూడండి: ఏ వర్కుషాపులో ఓవర్‌హాలు అయింది, ఎప్పుడు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి. గేటు దగ్గర స్కూటరు ఆపుకుని నిలబడినప్పుడు అది చదవవచ్చు. నేనైతే చదువుతాను. మా ఆవిడ ఇప్పటికీ ఎవరికోసమని అడుగుతుంది.

 భోజనాలకు ఆలస్యం చేశాను, సెలవు.